సూది తగలని చిల్లు

అనంతపురం చుట్టుపక్కల చాలా అంగళ్లలో, ఇళ్లలో ఒకప్పుడు ఒక క్యాలెండరు వేలాడేది. తెల్లకాగితాన్ని బ్లేడుతో కోసి చేసిన పన్నెండు బొమ్మలు. శనక్కాయ రైతు ఏడాదంతా అందులో ఉండేది. మే నెల పేజీలో బోరింగు దగ్గర వరుసగా ఖాళీ బిందెలు, జూన్‌లో విత్తనం వేసే గొర్రు, నవంబరులో పీకిన చెట్ల నుంచి కాయలు తెంపుతూ కూర్చున్న ఆడవాళ్లు. ప్రతి పేజీ కింద, కుడి మూలన, చిన్న అక్షరాల్లో నా పేరు. ఇప్పటికీ ఏ పెళ్లిలోనో బస్టాండులోనో ఎవరో ఒకరు నన్ను ఆపి, "ఆ క్యాలెండరు చేసింది నువ్వే గదప్పా" అంటారు. ఇన్నేళ్లూ నవ్వి ఊరుకున్నాను.

ఆ బొమ్మలు నేను చేయలేదు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి చేసింది. ఆ మాట ఒక కాగితం మీద రాసిమ్మని ఆమె ఒకసారి నన్ను అడిగింది. రాసిచ్చాను, కానీ నిజం రాయలేదు. ఆ కాగితాన్నే ఇప్పుడు మళ్లీ రాస్తున్నాననుకోండి.

తొంభైల చివర్లో నేను హైదరాబాదులో ఒక ప్రకటనల కంపెనీలో నిలదొక్కుకోలేక అనంతపురం తిరిగొచ్చాను. ఒక బట్టల అంగడి మేడమీద మూడు గదుల్లో గ్రాఫిక్ డిజైన్ డిప్లొమా నేర్పే సంస్థ ఒకటి కొత్తగా పెట్టారు. అందులో సారుగా చేరాను. ఆరు కంప్యూటర్లు ఉండేవి. కరెంటు మాత్రం మధ్యాహ్నం అయ్యేసరికి పోయేది, మళ్లీ సాయంత్రానికి గానీ వచ్చేది కాదు. ఫీజు కట్టిన పిల్లల్ని నాలుగు గంటలు ఊరికే కూర్చోబెట్టలేక, ఒకరోజు కింద ఉన్న పెళ్లికార్డుల ప్రెస్సుకు పోయి, మిషన్‌లో కోసి పారేసిన కాగితాల అంచులు సంచినిండా తెచ్చాను. మా కోర్సులోకి కాగితం వచ్చింది అలా. తరువాత దాని గురించి నేను చాలాచోట్ల గొప్పగా మాట్లాడాను. అసలు కారణం కరెంటు కోత.

కోయడానికి గడ్డం గీసుకునే బ్లేడును సగానికి విరిచి, వెదురు పుల్లకు కట్టుకునేవాళ్లం. కింద పెట్టుకోవడానికి పంక్చరు షాపు నుంచి తెచ్చిన లారీ ట్యూబు ముక్కలు. అంటించడానికి మైదా ఉడికించిన గంజి. ఎండాకాలం ఫ్యాను కూడా తిరగదు కాబట్టి కాగితం ఎగిరే బాధ లేదు. చెమట బొట్టు పడితే మాత్రం కాగితం ఉబ్బిపోయేది. అందుకని మెడలో తువ్వాళ్లు వేసుకుని కూర్చునేవాళ్లం.

కాగితం కోసే పనిలో మొదటి పాఠం ఒకటే. తీసేయవలసినవన్నీ తీసేశాక మిగిలినదంతా ఒకే ముక్కగా నిలబడాలి. ప్రతి గీతా ఇంకో గీతను పట్టుకుని ఉండాలి. కంప్యూటర్‌లో ఒక ఆకారం మీద ఇంకో ఆకారం పెట్టడం అలవాటైన మావాళ్లకు ఇది ఎక్కేది కాదు. తాడిపత్రి నుంచి వచ్చే ఒకతను ఉండేవాడు. వాళ్ల నాయనకు రాళ్లు కోసి పాలిష్ పెట్టే ఫ్యాక్టరీ. అతను కాగితంలో ఆవు బొమ్మ కోసి పైకెత్తేసరికి కన్ను ఊడి ఎక్కడో పడింది.

"సార్, నా ఆవుకు కన్ను పాయె. ఎవురి చెప్పుకింద ఉండాదో కొంచెం కాళ్లు ఎత్తండప్పా."

"ఇంకో కన్ను కోసుకోపో."

"మా నాయన రాయి కోస్తాడు, నేను కాయితం గూడా కోయలేకపోతాండా. వంశం ఈడికొచ్చింది సార్."

అందరూ నవ్వారు. మూల బెంచీలో కూర్చున్న ఆ అమ్మాయి మాత్రం తల ఎత్తకుండా, "కన్నుకూ రెప్పకూ మధ్యలో ఒక పోగు వదిలింటే పడేది కాదన్నా" అంది.

పోగు అంది. వంతెన అనో గీత అనో అనలేదు. ఆమెది ధర్మవరం. రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చేది. వాళ్ల నాయన అట్టలు కొట్టేవాడు. పట్టుచీర అంచులో పువ్వో హంసో రావాలంటే, మగ్గం మీద ఉండే జకార్డు పెట్టెకు చిల్లులు పొడిచిన పొడుగాటి అట్టల దండ వేస్తారు. చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట సూది ఆగిపోతుంది. గ్రాఫు కాగితం మీది గళ్లు చూసుకుంటూ ఒక్కో అట్టకూ ఆ చిల్లులు పొడవడమే వాళ్ల నాయన పని. పుట్టినప్పటినుంచీ ఆ టకటకల మధ్యే పెరిగిన పిల్లకు, దేన్ని తీసేయాలో దేన్ని వదలాలో నేను నేర్పవలసిన పని లేదు.

ఆమె కాగితాన్ని వెనకనుంచి కోసేది. మిగతా అందరూ బొమ్మను ముందువైపు గీసి, అటునుంచే కోసేవాళ్లు. కోసినాక పెన్సిలు గీతలు చెరపబోతే సన్నటి పోగులు తెగేవి. ఆమె బొమ్మను వెనకవైపు తిరగేసి గీసుకుని, వెనకనుంచే కోసేది. ముందుకు తిప్పితే ఒక్క మరక ఉండేది కాదు.

"ఇట్లా ఎవరు నేర్పించారమ్మా?"

"ఎవురూ నేర్పలేదు సార్. చీర బోర్లా నేస్తారు గదా, మంచి మొగం కిందికి ఉంటాది. మా ఇంట్లో అందరం ఎనకనుంచే చూస్తాం."

మర్నాటినుంచి క్లాసు మొత్తానికి అదే పద్ధతి పెట్టాను. తరువాతి బ్యాచీలకు, "ఇది నా పద్ధతి" అని చెప్పాను. ఇది కూడా ఈ లెక్కలోకే వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

చివరి ఆరు నెలలు ప్రాజెక్టు. కాగితం కోసి చేసిన పని ప్రెస్సుకు వెళ్లి, ఎవరికో పనికొచ్చే వస్తువుగా బయటికి రావాలని షరతు పెట్టాను. ఒకరు మిఠాయి డబ్బా ఎత్తుకున్నారు. తాడిపత్రి అతను, తెరవగానే లోపలినుంచి బండల లారీ లేచి నిలబడే విజిటింగు కార్డు చేశాడు. దాన్ని జేబులో పెట్టుకుంటే లారీ నలిగిపోయేది. "యాక్సిడెంటు అయింది సార్" అని రోజుకో కొత్త లారీ చేసేవాడు.

ఆమె క్యాలెండరు చేస్తానంది. ముందు అగ్గిపెట్టెంత కాగితాల మీద పన్నెండు చిత్తుబొమ్మలు. తరువాత నల్లకాగితం మీద కోసి చూడడం, కిటికీకి అతికించి దూరంనుంచి చూడడం, ఎక్కడ పోగు సన్నబడిందో గుర్తుపెట్టుకోవడం. ఒక్కో నెలకు నాలుగైదు కాగితాలు పోయేవి. ప్రతి శనివారం నా బల్ల మీద పరిచేది. అందులో నా చేయి ఎంత ఉందో ఉన్నదున్నట్టు చెప్పాలి. కింద తారీకులు పెద్దగా, స్పష్టంగా ఉండేలా నేను పేర్చాను. బొమ్మల విషయంలో నేనిచ్చిన సలహా ఒకే ఒకటి. అది కూడా ఆమె వినలేదు, వినకపోవడమే మంచిదయింది.

"ఆగస్టు పేజీ బోసిగా ఉందమ్మా. పైరు పచ్చగా కనిపించాలి. క్యాలెండరు కదా, చూసేవాళ్లకు కళకళలాడాలి."

"ఆగస్టులో యాడ సార్ పచ్చ? రెండు దినాలు వాన పడతాది, నెలంతా మొగం చాటేస్తాది. మీరు చేను చూళ్లేదా?"

ఆ పేజీలో మూడువంతులు ఆకాశమే వదిలేసింది. బ్లేడు తగలని తెల్లకాగితం. అడుగున ఒక వరుస వాడిన మొక్కలు, గట్టు మీద తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి. తరువాత జనం ఎక్కువగా మెచ్చుకున్నది ఆ పేజీనే. మెప్పు నేను తీసుకున్నాను.

ప్రాజెక్టు పనులన్నీ గోడకు పెట్టి అందరికీ చూపించే ప్రదర్శనకు రెండు రోజుల ముందు పన్నెండు బొమ్మలనూ వెలుతురుకు పట్టి చూస్తుంటే ప్రతిదానికీ కింద కుడి మూలన ఒక చిల్లు కనిపించింది. ఆవగింజంత ఉంది. బొమ్మతో దానికేం సంబంధం లేదు.

"ఇదేమిటి?"

"అది ఉండనీ సార్."

"ఎందుకు?"

"ఊరికే సార్." తల దించుకుంది.

"ఊరికే అయితే తప్పే. ప్రింటులో మచ్చలా పడుతుంది."

ఆ సాయంత్రం ఆమె రైలుకు పోయాక, అదే కాగితం నుంచి చిన్న చిన్న బిళ్లలు కోసి, గంజి రాసి, పన్నెండు చిల్లులనూ నేనే మూసేశాను. శ్రద్ధగా, చేయి వణక్కుండా. తాడిపత్రి అతను తన లారీకి గంజి కోసం వచ్చి, నా వెనక నిలబడి చూశాడు. "బాగా మూసినారు సార్" అన్నాడు.

ప్రదర్శన రోజు ఆమె వాళ్ల నాయనను వెంటబెట్టుకొచ్చింది. సన్నటి మనిషి, మందమైన కళ్లద్దాలు. ఒక్కో బొమ్మ ముందు ఆగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసి, చేతులు వెనక్కి కట్టుకుని జరుగుతూ పోయాడు. జనవరి బొమ్మ దగ్గరికి మళ్లీ వచ్చి, మూలన వేలు పెట్టి తడిమాడు.

"ఈడ చిల్లు ఎవురు మూసినారు సార్?"

"నేనే అన్నా. పొరపాటున పడినట్టుంది."

"పొరపాటు కాదు సార్ అది." ఆయన గొంతులో కోపం లేదు, పని చెప్పే మనిషి గొంతు. "మేము అట్ట కొట్టినాంక మూలన ఒక చిల్లు పెడతాం. యాడ పెడతామంటే, ఏ సూదికీ తగలని కాడ. చీర మింద పడదు. కట్టుకునేటోళ్లకు తెలీదు. మగ్గానికి అట్ట ఎక్కించేవాడు మాత్రం చూసి, ఇది ఫలానావాని చెయ్యి అంటాడు. మా నాయన పెడ్తాండె, నేను పెడతా. ఈ పాప గూడా పెట్టింది."

"నాకు చెప్పలేదే ఆ అమ్మాయి."

"ఎట్ల చెప్తాది సార్? పెట్టినోడు చెప్పుకుంటే అది డబ్బా కొట్టుకున్నట్టు గదా."

నేను సిగ్గుపడ్డాను. ఆ బిళ్లలు తీసేస్తానని అన్నాను. నిజంగానే తీసేద్దామనుకున్నాను. అంతలోనే శనక్కాయ నూనె మిల్లు ఆసామి ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. గోడ పొడుగునా చూసుకుంటూ ఆగస్టు దగ్గర ఆగిపోయాడు.

"ఏమప్పా, ఎవురు చేసినారివి? మా మిల్లు క్యాలెండరుకు ఇవే కావల్ల నాకు."

ఆమె నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. వాళ్ల నాయన ఆమె పక్కనే ఉన్నాడు. ముప్పై దాటినా నాదంటూ ఒక్క పని లేదు. హైదరాబాదులో నాలుగేళ్లు వేరేవాళ్లు గీసినవాటికి రంగులు సరిచేసి వచ్చినవాణ్ణి. ఇవన్నీ కారణాలే, సాకులు కూడా ఇవే. అప్పుడు ఇవేవీ తలచుకునేంత సేపు పట్టలేదు.

"నేనే అన్నా" అన్నాను.

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన గోడ గడియారం చూసి, "రైలుకు టైమాయె పాపా" అన్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చి, "పోయొస్తాం సార్" అని, ఎప్పటిలాగే చెప్పి వెళ్లింది.

క్యాలెండరు అచ్చయింది. బిళ్ల అతికించిన మూలనే నా పేరు పడింది. ఆ మిల్లువాళ్లు మూడేళ్లు అవే బొమ్మలు వేశారు. దాన్ని చూసి నూనె డబ్బాల లేబుళ్లు, విత్తనాల సంచుల బొమ్మలు నాకు వరుసగా వచ్చాయి.

మరుసటి ఏడు ఆమె ఒకరోజు సంస్థకు వచ్చింది. బెంగళూరులో ఒక డిజైన్ ఆఫీసువాళ్లు ఉద్యోగానికి పిలిచారు. చేసిన పనులు చూపించమన్నారు. ఆమెకు చూపించడానికి ఉన్నదల్లా ఆ పన్నెండు బొమ్మలే. వాటి కింద నా పేరు.

"వాళ్లు కాపీ కొట్టినావా అంటారు సార్. ఒక్క ముక్క రాసీండి చాలు. అవి నేను చేసినానని."

రెండో ఏటి క్యాలెండరు అప్పుడే ప్రెస్సులో ఉంది. ఈ ఒక్క ముక్క ఎలాగో ఒకలా మిల్లు ఆసామి చెవిన పడుతుందేమోనని నాకు భయం. సంస్థ లెటర్‌హెడ్ తీసి రాశాను. ఈ క్యాలెండరు తయారీలో మా విద్యార్థిని ఎంతో శ్రద్ధగా సహాయపడిందని రాశాను. సంతకం పెట్టి స్టాంపు వేశాను.

ఆమె నిలబడే చదివింది. మళ్లీ ఒకసారి చదివింది. "స్టాంపు బాగా పడింది సార్" అంది. కాగితాన్ని మడిచింది. ఆమె మడత పెడితే గోటితో గీసినట్టు ఉండేది, అంచుకు అంచు కలిసేది. ఆ రోజు అంచులు కలవలేదు. అలాగే సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదని తాడిపత్రి అతనే తరువాత చెప్పాడు.

కొన్నేళ్లకు సంస్థ మూతపడింది. అసలు బొమ్మలున్న కవరు నా ఇంట్లో బీరువా పైకి చేరింది. ఈమధ్య తాడిపత్రిలో ఒక పెళ్లిలో ఆ లారీ కార్డు అతను కలిశాడు. ఇప్పుడు నాయన ఫ్యాక్టరీ చూసుకుంటున్నాడు, బొజ్జ వచ్చింది. ఎవరో పక్కన కూర్చున్నాయన క్యాలెండరు ఊసెత్తి నన్ను పొగుడుతుంటే ఇతను అన్నం కలుపుకుంటూ, "అవును, సార్ గంజి బాగా పూస్తాడు" అన్నాడు. తల ఎత్తలేదు. నేను విస్తరి మడిచి లేచాను.

ఇంటికొచ్చి కవరు దించాను. మైదా గంజి అంటే పురుగులకు ఇష్టం. బొమ్మలు చెక్కుచెదరలేదు. నేను గంజి పూసిన చోట మాత్రం బిళ్లల్ని పురుగులు తినేశాయి. పన్నెండు కాగితాల్లోనూ ఆ మూలన చిల్లు తెరుచుకుని ఉంది. అంచులు కొంచెం కొరికినట్టున్నాయి, అంతే.

పోయిన నెల ఆ కవరు పట్టుకుని ధర్మవరం వెళ్లాను. ఆమె ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, చీరల డిజైన్లు చేసే అమ్మ అంటే నేసేవాళ్లందరికీ తెలుసు. ముందుగదిలో కంప్యూటరు. దాని మీద గళ్లు, గళ్లలో ఒక నెమలి. నన్ను చూసి ఆమె లేచి నిలబడింది, క్లాసులో నిలబడినట్టే.

"రండి సార్. ఎండలో వచ్చినారు. నీళ్లు తాగండి ముందు."

నేను కవరు ఇచ్చి, చెప్పవలసింది చెప్పాను. తలవంచుకుని చెప్పడం వల్ల ఆమె మొహం చూడలేదు. ఆ కాగితం మళ్లీ సరిగ్గా రాసిస్తానన్నాను.

"ఇప్పుడెవురికి చూపియ్యల్ల సార్? ఉద్యోగానికి నేనే ఇద్దరిని పెట్టుకునుండా." నవ్వింది. వెనకగది వైపు చూసి, "నాకు గాదు, మా నాయనకు చెప్పండి. ఆయప్పకే శానా దినాలు మనసు బాగలేకపాయె" అంది.

ఆయన వెనకగదిలో మంచం మీద ఉన్నాడు. కళ్లు దాదాపు పోయాయి. ఇన్నేళ్లు గళ్లు చూసి చూసి. నేను ఆయన పక్కన కూర్చుని అంతా మళ్లీ చెప్పాను. ఆయన చేయి చాచాడు. కూతురు ఒక్కో కాగితం ఇస్తుంటే ముందు మూలన వేలిచివర పెట్టి చిల్లు వెతికాడు, తరువాత అంచుల వెంబడి నెమ్మదిగా తడిమాడు.

"పన్నెండూ ఉండాయి" అన్నాడు. తరువాత ఒక కాగితం వెనక్కి అడిగి తీసుకుని, "ఇది ఏ నెల పాపా?"

"అక్టోబరు నాయనా."

"బ్లేడు మొద్దుబారింది దీంట్లో. అంచు గరుకుగా తగుల్తాంది. కొత్త బ్లేడ్లకని దుడ్లు ఇస్తి గదా."

"ఆ దుడ్లకు స్టేషన్‌లో బజ్జీలు తింటి నాయనా."

ఆయన పెదాలు కదిలాయి, నవ్వు పూర్తిగా రానియ్యలేదు. నేను ఆమెను, ఇప్పుడు అట్టలు మిషనే కొడుతుంది కదా, మరి ఆ చిల్లు సంగతి ఏమిటని అడిగాను. "మిషనుకు నేను చెప్తా సార్, ఈడొకటి కొట్టు అని" అంది.

"అయితే రాస్తాను" అన్నాను. "ఆ స్టాంపు కాగితం లాగా కాదు. అందరూ చదివేచోట రాస్తాను. నీ పేరుతో."

"పేరొద్దు సార్. చిల్లు సంగతి రాయండి, చాలు. తెలిసినోళ్లకు తెలుస్తాది."

ఆయన కాగితాలను ఒళ్లో పెట్టుకుని, నా గొంతు వినపడిన వైపు మొహం తిప్పాడు. "సార్, వీటిలో మీరు చేసింది ఏమన్నా ఉండాదా?"

మోటగా అడిగాడు, కానీ వెటకారంగా కాదు. లెక్క సరిగ్గా తెలుసుకోవాలని అడిగాడు.

"తారీకులు అన్నా. కింద తారీకులు నేను పేర్చినాను."

ఆయన ఒళ్లోని కాగితాల మీద చేయి ఆనించాడు. "ఆ క్యాలెండరు మూడేండ్లు మా గోడకు ఉండె. నాకు అప్పుడే కండ్లు మసక. తారీకులు పెద్దగా ఏసినారు మీరు, మంచం మింది నుంచే కనపడ్తాండె. తారీకులు బాగుండె సార్."

"అది గూడా రాయండి సార్" అంది ఆమె, కాగితాలు తీసి కవర్లో సర్దుతూ.

రాస్తున్నాను. తారీకులు నావి. మిగిలినదంతా ఆమెది.